ఖాళీ లైన్లలో హాజరు

మలయాకి స్వతంత్రం వచ్చిన మెర్డెకాకి నెల ముందు, నాన్నను తీసుకురావడానికి పెనాంగ్ వెళ్లాను. కొత్త దేశానికి పౌరుడు కావాలంటే మా ఊరి కచేరీలో వేలిముద్ర వెయ్యాలి. ఇక రెండు రోజులే గడువు. మా ఊరు తెలుక్ ఆన్సన్. ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్నారు.

అక్కడి జార్జ్ టౌన్‌లో, అక్కా వాళ్లింట్లో, అన్నాల దగ్గరే బావ తగువేసుకున్నాడు. "మా దీవి మాకు సాలు. కౌలాలంపూరోళ్లు మమ్మల్నేలడమేటి? ఇంగ్లీషు రాణీగారి కిందే ఉంటాం!"

"రాణీగారొచ్చి నీ వాకిలి ఊడ్సిందేటి బావా? అందరితో కలిస్తే మన మాట సెల్లదంటావు. ఇన్నాళ్లూ ఎవడు విన్నాడు?" అన్నాను నేను.

నాన్న విస్తరి మడిచాడు. "ముందు మన లైన్లు సూపించరా. తరవాత సెప్తాను." లైన్లంటే రబ్బరు ఎస్టేటులో మేం ఉండిన కూలీల వరసిళ్లు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి ఫెర్రీ, ఎనిమిదిన్నరకి అవతలి ఒడ్డున ప్రాయిలో రైలు, మూడో తరగతి. అక్క కట్టిచ్చిన అన్నం స్టేషన్లోనే తినేశాం. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు గెరిల్లాలకి చేరుతుందని ఎస్టేటు గేట్ల దగ్గర ముద్దన్నం కూడా లాక్కునేవారు. ఇపో దాటాక అడవిలోంచి రైళ్ల మీద కాల్పులు జరిగిన చోటు. "తల బైట పెట్టకు తంబీ," అని ఎదుటి తమిళావిడ కిటికీ దించేసింది.

తాపా రోడ్‌లో దిగి, లారీ పట్టుకుని ఎస్టేటు చేరేసరికి మూడు. మలాయ్ కాపలావాడు, "పది నిమిషాలే, పాచిక్," అని నాన్నని బాబాయ్ వరసలో పిలిచి తుపాకీతో వెంట వచ్చాడు.

గెరిల్లాల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీలో మా వాళ్లందరినీ ముళ్లకంచె వేసిన కొత్త ఊళ్లలోకి తరిమాక అయిదేళ్లుగా లైన్లలోని ఆ ఇళ్లలో ఎవరూ లేరు. చుట్టూ రబ్బరు చెట్ల కింద రాలిన ఆకు మేట వేసింది. వాకిళ్లలో మాత్రం ఒక్క ఆకు లేదు.

ఒకప్పుడు తెల్లారగట్ల కూలీల హాజరు పిలవడం నాన్న పని. మొదటి తలుపు ముందు నిలబడి పిలిచాడు. "అప్పలసామీ!" ఆగాడు. "సింహాచలం!" ఆగాడు. ప్రతి పేరుకీ మనిషి పలికేంత సేపు. అన్నీ ఆ లైన్లలో కన్నుమూసినవాళ్ల పేర్లే.

"ఎవరైనా పలికారా?" అని కాపలావాడు నన్నడిగాడు.

"లేదు."

"మరి ఎందుకు తలూపుతున్నాడు?"

మా తలుపు దగ్గర నాన్న, చనిపోయిన అమ్మ పేరు పిలిచాడు. చాలాసేపు ఆగి, తలూపాడు.

"పదరా, ఏలిముద్ర ఏస్తాను. ఈళ్లంతా ఇక్కడుంటే నాను ఏ రాణీ కిందకి ఎల్తాను?"

మీరిప్పుడు వెళితే అక్కడ పామాయిలు తోటే కనిపిస్తుంది. దేశాన్ని కలపాలా, విడిగా ఉంచాలా అని పెద్దలు బల్లల చుట్టూ కూచుని తేల్చేశారు. ఆ లైన్లకి వచ్చి అడిగినవాడు ఒక్కడూ లేడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

తెలుక్ ఆన్సన్ వెళ్లే అయిదింటి బస్సులో ప్రయాణికులం మేమిద్దరమే. కండక్టరు వచ్చి, "ఎంతమంది?" అన్నాడు.

నాన్న వెనక సీట్లవైపు తిరిగి, లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.