సాయిలు కోసిన అమెరికా పిన్ను

కూకట్‌పల్లిలో నా హార్డ్‌వేర్ కొట్టు పక్కనే సాయిలు మోటార్ వైండింగ్ షాపు. జీడిమెట్లలో తను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక పెట్టుకున్నాడు. మహా మొండిఘటం. తొంభై ఎనిమిదిలో అమెరికా నుంచి తిరిగొచ్చి హైటెక్ సిటీలో చేరినవాళ్లు అక్కడి మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ మోసుకొచ్చేవారు. అన్నీ నూటపది వోల్టులవి. మన ఇళ్లలో వచ్చేది రెండొందల ముప్ఫై. నేరుగా పెడితే క్షణంలో మాడిపోతాయి. అందుకని సాయిలు కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలు తయారుచేసి ఇచ్చేవాడు. ఒక్క పని మాత్రం చచ్చినా చేసేవాడు కాదు. ఆ అమెరికా సామాన్ల బల్లపరుపు పిన్ను కోసేసి మన గుండ్రటి పిన్ను వేయమంటే ఒప్పుకునేవాడు కాదు.

"గా పిన్ను మన గోడ సాకెట్ల పట్టది. గదే దానికి కాపలా. తీస్తే ఎవలో ఒకలు మర్చిపోయి పెడ్తరు," అనేవాడు. ఎంత పెద్దమనిషి అడిగినా "జావ్, జావ్!" అని పంపేసేవాడు. బేరాలు తగలేస్తున్నావురా నాయనా అని నేను తల బాదుకునేవాణ్ణి.

అలా తిరిగొచ్చినవాళ్లలో ఒకరైన వీరలక్ష్మిగారి దగ్గర మాత్రం మెత్తబడ్డాడు. ఆవిడ భర్త రామ్మోహనరావుగారికి ఉబ్బసం. ఆయాసం ముదిరితే మందుని పొగలా చేసి పీల్పించే అమెరికా మిషనే ఆధారం.

"మీ పెట్టెలో ఆ పిన్ను వదులుగా ఉందండి. మధ్యలో ఆగిపోతోంది. ఆయన కళ్లు తేలేస్తుంటే నేను పిన్ను నొక్కిపట్టుకుని కూర్చుంటున్నానండి. మన పిన్ను వేసిపెట్టండి, మీకు పుణ్యముంటుంది," అని ఏడ్చింది.

సాయిలు చాలాసేపు గొణిగి, చివరికి కోశాడు. కొత్త పిన్ను మీద ఎర్రరంగుతో 110 అని రాశాడు. "అమ్మా, పెట్టెలనే పెట్టాలె. గోడకు పెట్టొద్దు," అని మరీ మరీ చెప్పాడు.

నెల తిరక్కుండా జరగనే జరిగింది. ఆవిడ కూరగాయలకు వెళ్లినప్పుడు ఆయనకు ఆయాసం ఎగదన్నింది. ఊపిరాడని మనిషికి ఎరుపేం కనిపిస్తుంది, అంకేం కనిపిస్తుంది? మంచం పక్కన గోడకే పెట్టేశాడు. మిషను మాడిపోయింది. పక్కింటివాళ్లు ఆటోలో వేసుకుని బయల్దేరారు గానీ, దారిలోనే ప్రాణం పోయింది. అయ్యో, నలభై రెండేళ్ల మనిషి!

పదకొండు రోజులు గడిచాక సాయిలు వాళ్లింటికి వెళ్తానన్నాడు. వద్దురా, కొడతారన్నాను. "కొట్టనీ," అన్నాడు. నేనూ తోడెళ్లాను.

వాకిట్లో నిలబడి చేతులు జోడించాడు. "అమ్మా, తప్పు నాది. తెలిసీ కోసిన."

ఆవిడ లోపలున్న చుట్టాల వైపు చూసి గొంతు తగ్గించింది. "మీరు కాదండి, అడిగింది నేను. పిన్ను మార్పించానని మా అత్తగారికి తెలీదు. ఎవరితోనూ అనకండి, మీకు దణ్ణం పెడతాను." పైగా, కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురుగాని అంది.

సాయిలు కూర్చోలేదు. తిరిగొస్తూ సందు మలుపులో కూలబడిపోయాడు. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

"తిట్టలేదు బుల్లిబాబన్నా," అన్నాడు. "ఒక్క మాట తిట్టినా, ఇంటికి పోయి ఇంత బువ్వ తింటుంటి."