వంటింటి గుమ్మం దగ్గర కలిసిన పాట

మొన్న ఆదివారం మా అబ్బాయి కొబ్బరికాయంత గుండ్రటి స్పీకరొకటి కొని తెచ్చి నా చేతిలో పెట్టాడు. వైర్లు లేవు, మీటలు లేవు, ఫోనులోంచి పాట దానంతటదే వచ్చేస్తుందట. ఎక్కడ పెట్టనురా అని అడిగితే, "ఎక్కడ పెట్టినా ఒకటేనమ్మా, చుట్టూ ఒకేలా వినిపిస్తుంది" అనేసి తన పనిలో తాను పడ్డాడు. ఎక్కడ పెట్టినా ఒకటేనట! నాకు నవ్వాగలేదు. చెక్కపెట్టెలంతేసి స్పీకర్లతో కాపురం చేసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే మీకూ ఆగదు. డెబ్బైల చివర్లో, పటమటలోని మా అత్తవారింట్లో, స్పీకర్లు ఎక్కడ పెట్టాలన్న ఒక్క ప్రశ్నతోనే మాకు ఒక వేసవంతా గడిచిపోయింది మరి.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కాలేదు. నేను టెలిఫోన్ ఆపరేటరుని, మావారు కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరు. ఇంట్లో మేమిద్దరం, మామయ్యగారు, అత్తయ్యగారు, అంతే. మావారికి భోజనం ఆలస్యమైనా పట్టేది కాదు గానీ, సాయంత్రమయ్యేసరికి చేతిలో సాల్డరింగు ఐరను వేడెక్కకపోతే తోచేది కాదు. గవర్నర్‌పేట కొట్ల చుట్టూ తిరిగి, ఒకటొకటిగా సామాను పోగుచేసి, స్టీరియో ఆంప్లిఫయరు సొంతంగా బిగించుకున్నారు. మా వీధి చివర వడ్రంగి చేత మామిడి చెక్కతో రెండు పెట్టెలు చేయించారు. పెట్టె లోపల మెత్తగా ఏదైనా కూరకపోతే చప్పుడు బోలుగా వస్తుందని తెలిసి ఇల్లంతా వెతుకుతుంటే, అత్తయ్యగారు చడీచప్పుడూ లేకుండా ఉయ్యూరులోని తన పుట్టింటినుంచి తెచ్చుకున్న బూరుగు దూది తలగడ విప్పి ఇచ్చేశారు. ఆవిడకి పాటంటే అంత ఇష్టం.

పెట్టెలు తయారయ్యాక వాటినెక్కడ పెట్టాలన్న తీర్పు మామయ్యగారిది. పెట్టెలు రెండున్నాయి కాబట్టి ఒకటి హాల్లో మగవాళ్లకి, ఒకటి వంటింట్లో ఆడవాళ్లకి అన్నారు. నవ్వకండి, మన వైపు పెళ్లయినా పేరంటమైనా మైకు కొబ్బరిచెట్టుకి కట్టి నలుగురికీ వినిపించేవాళ్లమే గానీ, ఒకళ్లు కుర్చీలో కూర్చుని వినడానికి రెండు స్పీకర్లు కావాలని ఎవరికి తెలుసు? అన్నాళ్లూ హాల్లో రేడియో పాడితే, వంటింట్లో పంపుస్టవ్వు హోరులో అత్తయ్యగారికి సగం ముక్కలే అందేవి. ఇప్పుడు పోపులడబ్బా పక్కనే పాట వచ్చి కూర్చునేసరికి ఆవిడ ముఖం చూడాలి! కూర తిప్పుతూ తాళం వేసేవారు. కూరలో ఉప్పు రెండుసార్లు పడినా మామయ్యగారు కిక్కురుమనకుండా తినేవారు.

పాత రికార్డులన్నీ రెండు పెట్టెల్లోనూ ఒకేలా పాడేవి కనుక కొన్నాళ్లు ఏ గొడవా లేదు. అసలు తమాషా మావారు కొత్తగా ఒక కచేరీ స్టీరియో రికార్డు తెచ్చిన సాయంత్రం మొదలైంది. హాల్లో మామయ్యగారు పడకకుర్చీలో వాలి, ఆహా, ఏం గొంతండీ, ఏం మృదంగమండీ, ఈ జోడీకి ఫిడేలుతో పనేముంది అని తల ఊపుతున్నారు. వంటింట్లోంచి అత్తయ్యగారు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"మృదంగమెక్కడండీ, నా మొహం! ఎవరో వీధిలో కూర్చుని వాయిస్తున్నట్టుంది. ఫిడేలు మాత్రం నా చెవిలోనే ఉంది."

"ఏమేవ్, నీకు మతి పోయిందా? ఈ రికార్డులో ఫిడేలెక్కడిది?"

ఇద్దరూ అలా వాదులాడుకుంటుంటే నేను హాలుకీ వంటింటికీ మధ్య అటూ ఇటూ తిరిగి విన్నాను. చిత్రం, ఇద్దరిదీ నిజమే. పాటలో ఒక సగం ఆయన విన్నారు, రెండో సగం ఆవిడ విన్నారు. మావారు తల పట్టుకుని కూర్చున్నారు, తర్వాత పకపకా నవ్వారు. స్టీరియోలో ఒక్కో పెట్టెకి ఒక్కో వంతు వస్తుంది, రెండు పెట్టెలూ ఒకే గదిలో ఉండాలి, వాటికి ఎదురుగా సమదూరంలో కూర్చుంటే పాడేవాడు సరిగ్గా మధ్యలో ఎదుట కూర్చున్నట్టు వినిపిస్తాడు, అదీ దీని కిటుకు అని చెప్పి, ఆ పూటే వంటింటి పెట్టెను హాల్లోకి మోసుకొచ్చేశారు.

అత్తయ్యగారు అడ్డు చెప్పలేదు. "నాకెందుకులే అబ్బాయ్, స్టవ్వు చప్పుడులో నేను వినేదేముంది" అని ఖాళీ అయిన అలమరలో పచ్చడి జాడీలు సర్దుకున్నారు. ఆ రాత్రి వంటలో ఉప్పు సరిగ్గానే పడింది. ఆ ఇంట్లో ఆవిడ ఇది నాది అని మురిసిన వస్తువు అదొక్కటే, అదీ పోయింది.

ఇక మావారి ప్రయోగాలు మొదలయ్యాయి. పెట్టెలు గోడమూలకి జరిపితే మృదంగం పరుపు దులిపినట్టు గుమ్ గుమ్ మనేది, గోడకి ఎడంగా లాగితే అణిగేది. నేలమీద పెడితే గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది, ఇటుకలు పేర్చి ఎత్తుచేస్తే తేటపడేది. ఒకసారి ఒక పెట్టెకి వైర్లు తారుమారుగా తగిలించారు, అప్పుడు గాయకుడు ఎక్కడున్నాడో తెలియకుండా పాట గదంతా చెదిరిపోయింది. వైర్లు మార్చగానే మళ్లీ ఒకచోటికి వచ్చి కూర్చున్నాడు! నాకా వింత భలే పట్టుకుంది. రోజంతా హెడ్‌ఫోనులో ఒక చెవితో ఊళ్లవాళ్ల గొంతులు వినేదాన్ని కదా, రెండు చెవులకీ పని దొరికిందని సంబరం. ఆఫీసునుంచి రాగానే కుర్చీలో కూర్చుని, అదే పాట మళ్లీ మళ్లీ వింటూ, గొంతు ఎటు ఒరిగిందో చెప్పడం నా వంతు, పెట్టె జరపడం ఆయన వంతు. కొలతకి పురికొస కావలసి వచ్చి అత్తయ్యగారినే అడిగాం. కిరాణా పొట్లాలకి కట్టిన పురికొసంతా ఆవిడ ఉండచుట్టి దాచేవారు. అదీ ఇచ్చారు.

పురికొసతో కొలిచిన చోట కుర్చీ వేశాక పాట అద్భుతంగా కుదిరింది. కుదిరింది గానీ, గుమ్మం దగ్గర కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్న ఆవిడ చేతులకి తాళం లేదు. నాకు ఉండబట్టలేదు. "ఏవండీ, ఈ కుర్చీ ఇక్కడే ఉండాలని మీ ఫిజిక్సులో రాసుందా? పురికొస చివర అత్తయ్యగారి దగ్గర పెడితే కుదరదా?" అన్నాను. మామయ్యగారు పేపరు దించి కళ్లజోడు పైనుంచి చూశారు. మావారు మాత్రం నా మాటలోని ఎత్తిపొడుపు వదిలేసి లెక్క ఒక్కటే పట్టుకున్నారు. కుదరకేం, చూద్దాం అంటూ పురికొస అందుకున్నారు.

వంటింటి గుమ్మం హాలుకి ఒక పక్కగా ఉండేది. పెట్టెలు రెండూ అటు జరిపి, ముఖాలు గుమ్మంకేసి తిప్పి, ఒక్కోదాన్నుంచీ కత్తిపీట దాకా పురికొస లాగి సమానం చేసి, మళ్లీ అదే కచేరీ పెట్టారు. అత్తయ్యగారు స్టవ్వు ఆపారు. వచ్చి కత్తిపీట ముందు కూర్చున్నారు. తర్వాత రెండు పెట్టెలకీ మధ్య ఏమీ లేని గోడకేసి చెయ్యి చూపించి, "అదిగోనమ్మాయ్, అక్కడ కూర్చున్నాడు! ఫిడేలు ఇటు, మృదంగం అటు" అన్నారు. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. పోనీ ఉల్లిపాయలనుకుందామంటే తరుగుతున్నవి బెండకాయలు.

మామయ్యగారి పడకకుర్చీ మటుకు ఓ మూలకి పడిపోయింది, ఆయనకి ఒక పెట్టే వినిపించేది. మొదట్లో సణిగారు, అలిగారు, ఇంట్లో పెద్దవాడికి మర్యాద లేదన్నారు. చివరికి ఒక సాయంత్రం పీట ఒకటి లాక్కుని, గడప మీద కూర్చోకూడదు కనుక గడపకి ఇవతల, ఆవిడ పక్కనే చతికిలపడ్డారు. పాట వినడానికే వచ్చానని గొణిగారు కూడా. ఊరికే కూర్చోవడమెందుకని ఆవిడ చిక్కుడుకాయల చేట ఆయన ఒళ్లో పెట్టారు. పుట్టి బుద్ధెరిగి వంటింటి ఛాయలకి రాని మనిషి, ఈనెలు తీయడం పాట మధ్యలో నేర్చుకున్నారు. అలా ఏళ్లు గడిచాయి.

మామయ్యగారు పోయిన కొన్ని నెలలకి, పెట్టెల మీద దుమ్ము తుడిచి మళ్లీ ఆ కచేరీ పెట్టారు మావారు. అత్తయ్యగారు కాసేపు విని, "అబ్బాయ్, పాట నడిమికి రావడం లేదురా, పెట్టె జరిగినట్టుంది చూడు" అన్నారు. ఆయన వైర్లు చూశారు, మీటలు చూశారు, పురికొస తెచ్చి రెండు వైపులా కొలిచారు. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ మాట ఆవిడకి చెప్పలేక, ఒక పెట్టెను కాస్త జరిపినట్టు చేసి, మళ్లీ అక్కడే పెట్టారు. ఇప్పుడు బాగుంది అన్నారు ఆవిడ, మా కోసం.

అదంతా తలుచుకుంటూ, అబ్బాయి తెచ్చిన స్పీకరుని హాల్లో బల్ల మీద పెట్టి పాట వేశాను. నిజమే, ఏ గదిలోకి వెళ్లినా ఒకేలా వినిపించింది. ఇంట్లో ఎవరూ లేచి ఎవరి దగ్గరికీ రావలసిన పని లేదు. నేను మాత్రం అలవాటుకొద్దీ వెళ్లి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. మావారు మోకాళ్లు పట్టుకుని లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన వేసుకున్నారు. ఇక్కడైనా అంతే కదండీ అన్నాను. అవునవును, ఒకటే అంటూ కూర్చున్నారు.