కదలని పుస్తకాల సభలో

‘కలుపు’ అనే పుస్తకాన్ని లోపలేముందో చూడకుండా ఒక కట్ట తెప్పించిన తెలివైనవాణ్ణి నేనే. వైరాలో బస్టాండు దగ్గర పుస్తకాల షాపు, చుట్టూ మిరప తోటలూ వరి మళ్లూ. అలాంటి చోట ఉన్నవాడికి కేటలాగులో ‘కలుపు’ అనే పేరు కనబడితే ఏమనిపిస్తుంది? రైతులు ఎగబడి కొంటారనిపించింది. అద్దాల బీరువాలో ముందు వరసలో పేర్చాను. మొదట వచ్చిన రైతు నాలుగు పేజీలు తిప్పి, “దీంట్ల మందు పేరు ఏడుంది?” అని అడిగాడు. మందు సంగతి అటుంచి, గడ్డిపరక బొమ్మ కూడా లేదు. అవి కథలు. మనుషుల్ని కలుపు, మనసుల్ని కలుపు అని రచయిత ఉద్దేశం కాబోలు అనుకున్నాను. ‘కాబోలు’ అని ఎందుకంటున్నానంటే, నేను కట్ట విప్పినవాణ్ణే గాని పుస్తకం విప్పినవాణ్ణి కాను.

షాపు ఉన్న షట్టరు మా మామగారిది. ఆయన తర్వాత అది మా బామ్మర్ది చేతికొచ్చింది. వాడికి అక్కడ సెల్‌ఫోన్ల షాపు పెట్టాలని ఉంది. మనిషి మంచివాడే, నోరే కాస్త చురుకు. వచ్చినప్పుడల్లా నా అరల వంక చూసి, “నీ షాపుల కదిలేది ఫ్యానొక్కటే బావా” అనేవాడు. ఎదురు చెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి గాని, అవన్నీ అమ్ముడుపోని పుస్తకాల్లోవే. పోయినేడు వాడు గట్టిగా అడిగాడు. షట్టరు వదలాలో వద్దో నాకే తేలలేదు. ఏటా జరిగే పుస్తకాల షాపులవాళ్ల సభ ఈసారి భద్రాచలంలో ఉంది, అది అయ్యాక ఏ సంగతీ చెబుతానన్నాను. వాడు తన కారులోనే తీసుకుపోతానన్నాడు. తిరుగుదారిలో నేను మాట తప్పకుండా పక్కనే ఉండాలని వాడి లెక్క.

ఏ పెద్ద కంపెనీ బ్రాంచీలమూ కాని చిన్న షాపులవాళ్లం కనుక దానికి స్వతంత్ర పుస్తక విక్రేతల సమావేశమని పేరు. హాలు గుమ్మంలో మెడలో వేసుకోవడానికి ఇచ్చిన కార్డు మీద ‘ఇండిపెండెంట్’ అని పెద్దక్షరాలతో అచ్చేశారు. దాంతోనే పక్కనున్న టీ కొట్టుకు వెళ్తే, టీ పోసే ఆయన కార్డును పైకీ కిందికీ చూసి, “ఏ గుర్తొచ్చిందన్నా?” అని గౌరవంగా అడిగాడు. ఆయన లెక్కలో ఇండిపెండెంట్ అంటే ఎన్నికల్లో పార్టీ టికెట్ దొరకనివాడే.

“తాళంకప్ప గుర్తు,” అన్నాడు మా బామ్మర్ది నాకంటే ముందే. వాడి టీ వాడు తాగి, దర్శనం చేసుకొస్తానని గుడి వైపు వెళ్లాడు.

అది పెళ్లిళ్ల హాలు. వధూవరుల కుర్చీలు ఓ మూలకు జరిపి, వేదిక మీద బల్లలు వేశారు. లోపలికి అడుగుపెట్టి అలాగే నిలబడిపోయాను. అప్పటిదాకా ఈ లోకంలో పస్తుకీ పుస్తకానికీ మధ్య ఊగే పిచ్చివాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. ఇక్కడ హాలు నిండా వాళ్లే. సైకిల్ మీద తిరిగి అమ్మేవాళ్లు, దర్జీ షాపులో సగం అద్దెకు తీసుకున్నవాళ్లు, కాలేజీ గేటు ముందు గోనెపట్టా పరిచేవాళ్లు. ఒకరినొకరు పలకరించుకునే ముందు ఎదుటివాడి చేతిలో పుస్తకం లాక్కుని, వాసన చూసి, వెనక అట్ట చదివి, అప్పుడు “బాగున్నవా” అంటున్నారు. చాలా ఏళ్ల తర్వాత సొంత భాష మాట్లాడేవాళ్ల మధ్యకు వచ్చినట్టయింది.

ఆ సభలో ఒక ఆచారం ఉంది. ప్రతివాళ్లూ తమ షాపులో ఏళ్లుగా కదలని పుస్తకం ఒకటి తేవాలి. అన్నీ ఒక బల్ల మీద కలిపేస్తారు. ఎవరి చేతికి వచ్చిన పుస్తకాన్ని వాళ్లు వేదికెక్కి అమ్మాలి. కొనాల్సింది ఎవరు? పుస్తకాలు అమ్మడమే బతుకైన ఆ హాలంతా. అన్ని మాయలూ తెలిసిన జనం. ‘కదలని కథలు’ అని ఎవరో నవ్వుతుంటే, నా ‘కలుపు’ను మిగతా పుస్తకాల కిందికి తోశాను.

నా చేతికి లావుపాటి హత్య నవల వచ్చింది. వేదికెక్కి, నిజాయితీగా కథంతా చెప్పాను. చంపింది ఎవరో కూడా చెప్పాను. చప్పట్లు పడ్డాయి, పుస్తకం మాత్రం అలాగే ఉంది. కారేపల్లి నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ముందు వరసలోంచి, “సినిమా మొత్తం చూపెట్టి గేటు కాడ టికెట్ అమ్ముతున్నవా తమ్మీ?” అన్నాడు. వచ్చి నా కుర్చీలో కూర్చుని, మనసులో షట్టరు సగం దింపేశాను.

ఆ తర్వాత ఒకామె లేచింది. చర్ల వైపు వారపు సంతల్లో పుస్తకాలు అమ్ముతుందట. షాపు లేదు, ఒక నీలం పరదా పట్టా ఉంది. ఆమె చేతిలో ఉన్నది నా ‘కలుపు’. పేరు చూపించగానే హాలు గొల్లుమంది. ఆమె కూడా నవ్వి, నవ్వులు ఆగేదాకా ఉండి, నడుమ ఒకచోట తెరిచి చదవడం మొదలుపెట్టింది.

మాటలు మానేసిన మొగుడూ పెళ్లాం. మిరప తోటలో కలుపు తీయాలి. ఆయన తూర్పు గట్టు నుంచి, ఆమె పడమటి గట్టు నుంచి వంగారు. ఇద్దరూ తలెత్తరు. గడ్డి పీకుతూ ఒక్కో సాలూ దాటుతున్నారు. మధ్యలో మిగిలిన సాళ్లు తగ్గుతున్నాయి. చదివే ఆమె గొంతు కూడా చిన్నదవుతూ వస్తోంది. ఇంక నాలుగు సాళ్లు. ఆయన చేతి నీడ ఆమె ముందున్న మొక్క మీద పడింది. ఆమె గడ్డిపరక పట్టుకుని, పీకలేదు.

చదవడం ఆగింది. పుస్తకం మూతపడింది.

అన్ని మాయలూ తెలిసిన ఆ జనం నోరు తెరుచుకుని కూర్చున్నారు. అప్పుడు ఒకరి వెనక ఒకరు లేచి వేదిక వైపు నడిచారు. నేను కూడా లేచి వరసలో నిలబడ్డాను. నా షాపులో కట్టెడు ఉన్న పుస్తకం కోసం, నా దగ్గర్నుంచి వచ్చిన ఆ ఒక్క కాపీ కోసం, జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఆ నాలుగు సాళ్లు ఎట్లా దాటారో నాకు అప్పటికప్పుడు తెలియాలి.

“ఉన్నది ఒక్కటే. ఇది తెచ్చినోళ్లు ఎవరో చెయ్యెత్తండి, తతిమ్మా వాళ్లు ఆళ్లనే అడుగుండ్రి,” అంది ఆమె. వరసలోంచి చెయ్యెత్తాను. నవ్వు పైకప్పుకు తగిలింది. ఆ నవ్వులోనే నా కట్ట మొత్తానికీ ఆర్డర్లు రాసుకున్నారు.

భోజనాల దగ్గర ఆమె పక్కన చోటు చూసుకుని కూర్చున్నాను. సరిగ్గా అక్కడే ఆపాలని ఎలా తెలిసిందని అడిగాను.

“అన్నా, నేను పుస్తకం చూడను, మొఖాలు చూస్త,” అంది. “మా సంతకొచ్చేటోళ్లు ఇంట్ల వేరే భాష మాట్లాడ్తరు. తెలుగు సగమే తెలుస్తది. ఆ సగంలనే కండ్లు పెద్దగైనప్పుడు ఆపేస్త. ఒకామె అక్షరాలు రాకముందే కొన్నది. చలికాలం దాటినంక వచ్చి, నువ్వు ఆపిన కాడికి నేను చదువుకుంట వచ్చిన, ఇగ ముందుకు పోత అని చెప్పి పోయింది.”

ఇది చెప్పి ఆమె పప్పు కలుపుకుంది. కథ మిగతాది తెలుసుకోవడానికి ఒక మనిషి చదవడమే నేర్చుకుంది. నేనేమో ఇన్నేళ్లుగా పుస్తకాలు తూకానికి తెచ్చి తూకానికి అమ్మేవాడిలా పేర్చిపెట్టాను. పక్కవాడి అప్పడం నా ఆకులో పడ్డ సంగతి అది తినేశాక గాని తెలియలేదు.

సాయంత్రం గోదావరి వంతెన దాటి, సారపాక కూడా దాటాక అడవి మొదలైంది. పొద్దు ఇంకా ఉంది. బామ్మర్ది ఫోన్లో సిగ్నల్ పోయి పాటలు ఆగిపోయాయి. వాడు ఫోనును రెండుసార్లు తట్టి చూశాడు. ఇక కారులో మేమిద్దరమే.

“సభ అయిపాయె. షట్టర్ సంగతి ఏంది బావా?”

నేను సభలో కొనుక్కున్న ఒక కథల పుస్తకం సంచిలోంచి తీసి గట్టిగా చదవసాగాను. తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ ఒకడు అడవిలోకి పోతాడు. దాని మెడలో గంట వాడే కట్టాడు, ఆ చప్పుడు వాడికి తెలుసు. చప్పుడు వెంటే పోతాడు. దగ్గరవుతోంది. కారు వేగం తగ్గడం గమనించాను. బామ్మర్ది రోడ్డును చూస్తున్నాడు గాని, చెవి నా వైపే ఉంది. కథలోవాడు ఒక మద్ది చెట్టు కిందికొచ్చి ఆగాడు. గంట మోగుతోంది. చప్పుడు చెట్టు మీద నుంచి వస్తోంది.

పుస్తకం మూశాను.

“ఎద్దు చెట్టెట్ల ఎక్కుతది?” అన్నాడు బామ్మర్ది. నేను కిటికీలోంచి టేకు చెట్లను చూస్తున్నాను. “బావా, నిన్నే. పైన ఎవరున్నరు?”

“మిగతాది రేపు పొద్దున షాపుల చదువుత, రా,” అన్నాను. “షాపు ఉంటే.”