అమ్మ తొలి ఓటు, నా చెయ్యి

నా చిన్నప్పుడు మేము న్యూజెర్సీలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. దాన్ని పల్లె అనడానికీ లేదు, పట్నం అనడానికీ లేదు. అక్కడివాళ్ళు బరో అంటారు. ఒక మేయరు, ఆరుగురు సభ్యుల కౌన్సిలు, ఒక ఫైర్ స్టేషను, ఒక లైబ్రరీ, అంతే ఆ ఊరి హంగు. నాకు ఐదేళ్ళప్పుడు అక్కడికి వచ్చాం. ఇప్పుడు చెప్పబోయేది నాకు పదకొండేళ్ళప్పుడు, ఎనభైల మొదట్లో జరిగింది. ఆ ఏడు ఆ ఊరి కౌన్సిల్ ఎన్నికలో ఎవరు ఎంత తేడాతో గెలిచారో ఇవాళ ఎవరికీ గుర్తుండదు. నాకు మాత్రం బాగా గుర్తు. అది గొప్పగా చెప్పుకోవలసిన జ్ఞాపకశక్తి కాదు. సిగ్గుపడిన సంగతులు మనిషికి ఊరికే మరపున పడవు.

మా అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా పైన ఒక తెలుగు ఆంటీ ఉండేవారు. హాస్పిటల్ ల్యాబులో ఉద్యోగం. చలికాలం వచ్చిందంటే చీర మీద అంకుల్ పాత కోటు తొడుక్కుని, కాళ్ళకు మంచు బూట్లు వేసుకుని చకచకా నడిచి వెళ్ళేవారు. ఇంగ్లీషు ధారాళంగానే మాట్లాడేవారు కానీ గుంటూరు ఎక్కడికీ పోలేదు, ప్రతి మాటలోనూ వినిపించేది. మా అపార్ట్‌మెంట్ల నుంచి స్కూలుకు వెళ్ళే రోడ్డుకు కాలిబాట లేదు. మంచు పడితే పిల్లలమంతా కార్ల పక్కనే రోడ్డు మీద నడవాలి. ఒక చలికాలం మా అపార్ట్‌మెంట్ల పిల్ల ఒకతెకు కారు అద్దం తగిలి మణికట్టు విరిగింది. ఆనాటి నుంచి ఆంటీ నెలనెలా కౌన్సిల్ మీటింగుకు వెళ్ళి సైడ్‌వాక్ వేయమని అడుగుతూ వచ్చారు. రెండేళ్ళు అడిగారు. ఒకరోజు మా వంటింట్లో కూర్చుని అమ్మతో, "మూడు నిమిషాలు టైమ్ ఇస్తారు వదినా, థాంక్యూ అంటారు, నెక్స్ట్ అంటారు. ఎన్నాళ్ళని అలా నిలబడి అడగను? ఇక నేనే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటా," అన్నారు. అమ్మ వేళాకోళం అనుకుంది. ఆంటీ వేళాకోళం ఆడలేదు.

ఆ ఏడు ఒక సభ్యుడు మధ్యలో ఊరు వదిలి వెళ్ళిపోవడంతో ఒక్క కుర్చీ ఖాళీ అయింది. దానికి పోటీ చేసింది ఇద్దరే. ఒకరు మా ఆంటీ, ఏ పార్టీ లేకుండా. రెండో ఆయన మా క్లాసులో నేను ఎలాగైనా స్నేహం చేయాలని తపించిపోతున్న ఒక అమ్మాయి వాళ్ళ నాన్న.

మా తెలుగువాళ్ళలో చాలామందికి అదే మొదటి ఓటు. అమ్మ అంతకుముందు ఏడే పౌరసత్వం పరీక్ష మొదటిసారికే పాసైంది. అప్పట్లో ఓటు వేసేది కాగితం మీద కాదు. పెద్ద బీరువా అంత ఇనుప యంత్రం. ఎర్ర పిడి లాగితే వెనక తెర మూసుకుంటుంది. లోపల ఒక్కొక్క పేరు దగ్గర ఒక చిన్న మీట ఉంటుంది. మనకు కావలసిన మీట కిందికి లాగితే పేరు పక్కన గుర్తు కనిపిస్తుంది. మళ్ళీ ఎర్ర పిడి వెనక్కి తిప్పితే ఓటు పడిపోతుంది, తెర తెరుచుకుంటుంది. మా ఆడవాళ్ళు దాన్ని చూసి బెదురుతారని ఆంటీ ఒక అట్టపెట్టె విప్పదీసి, పోస్టులో వచ్చిన నమూనా బ్యాలెట్ దాని మీద అంటించి, ఐస్‌క్రీమ్ పుల్లలు గుచ్చి ఒక ఉత్తుత్తి యంత్రం చేశారు. వారం వారం మా వంటింట్లో ఆ అట్ట ముందు అభ్యాసం జరిగేది. అందరిలోకీ అమ్మ ముందు నేర్చుకుంది. "మీ అమ్మ కళ్ళు మూసుకుని కూడా నా పుల్లే లాగుతుందే," అని ఆంటీ నాతో అని మురిసిపోయేవారు.

నేను మాత్రం ఆ నెలంతా కుంగిపోతూ ఉన్నాను. ఆంటీ స్కూలు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, పిల్లల కోసం వచ్చిన తల్లిదండ్రులకు కరపత్రాలు పంచేవారు. చీర, కోటు, బూట్లు, చేతిలో కాగితాల కట్ట. మా క్లాసు అమ్మాయి మర్నాడు ఆవిడలా తల ఊపుతూ, ఆవిడ యాసలో మాట్లాడి చూపించేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఒక సాయంత్రం ఆంటీ రోడ్డు అవతలి నుంచి నన్ను చూసి "బుజ్జీ!" అని సంతోషంగా చెయ్యి ఊపారు. ఆవిడ నీకు తెలుసా అని ఆ అమ్మాయి అడిగింది. తెలియదు అన్నాను. ఆంటీ చెయ్యి కొంచెంసేపు అలాగే గాలిలో ఉండి, మెల్లగా కిందికి దిగింది. నేను షూ లేసులు కట్టుకుంటున్నట్టు వంగాను.

ఎన్నికల రోజున స్కూలు అయ్యాక అమ్మ నన్ను ఫైర్ స్టేషనుకు తీసుకెళ్ళింది. పెళ్ళికి కట్టుకునే పట్టుచీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని వచ్చింది. తల్లుల వెంట పిల్లలూ లోపలికి వెళ్ళవచ్చు. తెర మూసుకోగానే అమ్మ నన్ను ముందుకు జరిపింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా చెయ్యి మంచిదని అమ్మకు గట్టి నమ్మకం. ఆవకాయ పెడితే మొదటి గుప్పెడు ఉప్పు నా చేత వేయించేది. నాన్న కారు కొంటే మొదటిసారి తాళం నా చేత తిప్పించింది. ఆ అలవాటు కొద్దీ "నీ చేత్తో బోణీ చెయ్యమ్మా," అంది. అని ఊరుకోలేదు. గుళ్ళో హారతి ఇచ్చేటప్పుడు నిలబడ్డట్టు రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది.

రెండు పేర్లు, రెండు మీటలు, పక్కపక్కనే ఉన్నాయి. వాళ్ళ నాన్నకు ఓటు వేయించినవాళ్ళనే తన పుట్టినరోజుకు పిలుస్తానని ఆ అమ్మాయి క్లాసులో అంది. నిజం చెప్పాలంటే నాకు పుట్టినరోజు కంటే భయం పెద్దది. ఆంటీ గెలిస్తే చీరలో మా స్కూలుకు వస్తారు, స్టేజి ఎక్కి మాట్లాడతారు, అందరి ముందూ నన్ను బుజ్జీ అంటారు. నేను పక్క మీట లాగాను. లాగి, "అయింది అమ్మా," అన్నాను. అమ్మ కళ్ళు తెరుస్తూనే నవ్వు ముఖంతో ఎర్ర పిడి తిప్పేసింది. తెర తెరుచుకుంది. బయట కూర్చున్న ముసలావిడ అమ్మ చీర బాగుందని మెచ్చుకుంది.

మర్నాడు పొద్దున్న నేను స్కూలుకు బయలుదేరుతుంటే ఆంటీ గుమ్మంలోకి వచ్చారు. డ్యూటీకి వెళ్ళే దుస్తుల్లోనే ఉన్నారు. "రెండే రెండు ఓట్లు వదినా! రెండు ఓట్లతో పోయింది," అని నవ్వబోయి ఆగిపోయారు. నాన్న కాఫీ కప్పు కింద పెట్టి, "అటు వేసినవాళ్ళలో ఒక్కరు ఇటు వేసి ఉంటే సమానమయ్యేది," అన్నారు. ఆయన మామూలుగా అన్నారు. నేను పుస్తకాల సంచీ తీసుకుని ఆంటీ పక్కనుంచి బయటికి జారుకున్నాను.

ఇంత తక్కువ తేడా కాబట్టి యంత్రాలు మళ్ళీ తెరిచి అంకెలు సరిచూస్తామన్నారు. ఆ నాలుగు రోజులూ నేను దేవుడి పటం ముందు నిలబడి దండం పెట్టాను. ఆంటీ గెలవాలని కాదు. రెండు ఓట్ల తేడా కాస్తా ఇరవై కావాలని. ఆవిడ ఇంకా ఎక్కువగా ఓడిపోతే నా ఒక్క ఓటు లెక్కలోకి రాదు కదా అని. నేను చేసిన తప్పు కంటే ఆ దండమే ఇప్పటికీ నన్ను ఎక్కువ సిగ్గుపరుస్తుంది. అంకెలు మారలేదు. రెండు రెండుగానే ఉంది.

ఆ శనివారం కింద లాండ్రీ రూమ్‌లో అమ్మ దుప్పట్లు మడుస్తోంది. ఒక కొస నా చేతికిచ్చింది. పట్టుకుని నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఎందుకు చేశావే అని మాత్రం అడిగింది. "ఆంటీ అలా మాట్లాడతారు కదా. అందరూ నవ్వుతారు," అన్నాను.

అమ్మ దుప్పటి మడత పూర్తిచేసింది. "నేనూ అలాగే మాట్లాడతాను కదే," అంది.

అంతే అంది.

తర్వాత నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళింది. మెట్లెక్కుతుంటే నా చేత క్షమాపణ చెప్పిస్తుందనుకున్నాను. ఆంటీ తలుపు తీయగానే అమ్మే మాట్లాడింది. "వదినా, మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కంగారులో నా చెయ్యి పక్కకి పోయింది. పక్క మీట లాగేశాను. ఆ ఒక్కటీ నాదే," అంది. నేను అమ్మ ముఖంలోకి చూశాను. అమ్మ నావైపు చూడలేదు.

ఆంటీ అమ్మను చూశారు. ఫ్రిజ్‌కు ఆనించి ఉన్న ఆ అట్ట యంత్రాన్ని చూశారు. ఆ తర్వాత నన్ను చూశారు. అమ్మ కళ్ళు మూసుకుని కూడా సరైన పుల్ల లాగుతుందని అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆవిడే. "మొదటిసారి కదా వదినా, అవుతుంది. వచ్చే ఏడు కూడా బుజ్జిని వెంట తీసుకెళ్ళండి. మంచి చెయ్యి," అన్నారు. లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చారు. గెలిస్తే పంచుదామని చేసి పెట్టిన సున్నుండలు. ఒకటి నా చేతిలో పెట్టి, తినమన్నారు. తిన్నాను.

అమ్మ తన మీద వేసుకున్న మాట అక్కడితో ఆగలేదు. తనే నలుగురికీ చెప్పింది, ఎవరు అటు వేశారోనని మిగతావాళ్ళు ఒకరినొకరు అనుమానించుకోకుండా. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా అదొక హాస్యం. మిక్సీ స్విచ్ వేయమన్నా, కారు రివర్స్ చేయమన్నా, "ఆవిడకివ్వకండి, పక్కది నొక్కుతుంది," అనేవారు. బీకాం ఫస్ట్ క్లాసులో పాసైన మా అమ్మ వాళ్ళతో పాటు నవ్వేది. నేను పిల్లలతో మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. తల కొట్టేసినట్టయ్యేది. ఒక్కసారైనా లేచి, అది నేను అని చెప్పలేదు. నోరు మెదిపే ధైర్యం నాకు లేదని అమ్మకు తెలుసు, అందుకే నావైపు చూసేది కాదు.

పుట్టినరోజుకు ఆ అమ్మాయి పిలిచింది. వెళ్ళాను కూడా. పార్టీ పెట్టిన స్కేటింగ్ హాల్లో కాళ్ళకు చక్రాల బూట్లు కట్టుకుని గోడ పట్టుకుని నిలబడ్డాను, ఒక్క చుట్టు కూడా తిరగలేదు. మరుసటి వేసవిలో వాళ్ళ నాన్న మా రోడ్డుకు సైడ్‌వాక్ వేయించాడు. రెండు ఓట్లతో గట్టెక్కినవాడికి మా వీధి గుర్తుండకుండా ఎలా ఉంటుంది? రిబ్బన్ కత్తిరిస్తున్న ఆయన ఫోటో మా ఊరి వారపత్రికలో వేశారు. జనంలో వెనకగా ఆంటీ చప్పట్లు కొడుతూ కనిపిస్తారు. పోనీలే, పని జరిగింది కదా అని అందరూ అన్నారు. నేనూ అలా అనుకోవాలని చాలా ప్రయత్నించాను. కానీ ఆ రోడ్డు కోసం రెండేళ్ళు నిలబడి అడిగింది ఎవరో ఆ ఫోటో కింద రాయలేదు.

ఆ నవంబరులో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఆంటీ మళ్ళీ పోటీ చేయలేదు; ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు నిలబడ్డారు. అమ్మ మళ్ళీ నన్ను వెంట తీసుకెళ్ళింది. తెర మూసుకున్నాక ఎవరికి వేయాలో పేరు చెప్పి నన్ను ముందుకు జరిపింది. నువ్వే లాగు అమ్మా, నా వల్ల కాదు అన్నాను. "నువ్వే లాగు," అంది. అని, చేతులు జోడించి మళ్ళీ కళ్ళు మూసుకుంది. నేను ఆ పేరు మూడుసార్లు చదివాను. లాగాక పక్కన గుర్తు సరిగా పడిందా అని వేలు పెట్టి తడిమి చూశాను. "అయింది అమ్మా," అన్నాను. అంతకుముందు లాగే కళ్ళు తెరుస్తూ ఎర్ర పిడి తిప్పేసింది.

కొన్నేళ్ళకు ఆంటీ వాళ్ళు టెక్సస్ వెళ్ళిపోయారు. ప్రతి ఏడూ కార్డు రాసేదాన్ని. ఆవిడకు తెలుసని నాకు తెలుసు. అయినా నా నోటితో ఒక్కసారి చెప్పి ఉండవలసింది. ప్రతి కార్డులోనూ ఆ వాక్యం మొదలుపెట్టేదాన్ని, చివరికి ఆరోగ్యం జాగ్రత్త అని ముగించేదాన్ని. ఇక చెప్పడానికి ఆవిడ లేరు.

ఇప్పుడు ఎన్నికల రోజున నేనే ఒక బల్ల వెనక కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు చూసి లోపలికి పంపే పని చేస్తుంటాను. అప్పుడప్పుడూ మొదటిసారి ఓటు వేయడానికి పట్టుచీర కట్టుకుని ఒక తల్లి వస్తుంది, మనవరాలినో కూతురినో వెంటబెట్టుకుని. ఆ పిల్ల తలుపు వైపు చూస్తూ, తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తున్నారేమోనని కొంచెం ఎడంగా నిలబడుతుంది. నేను ఆ తల్లితో తెలుగులోనే మాట్లాడతాను, హాలంతా వినపడేలా. తొందరేం లేదండీ, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూసుకోండి అంటాను. కళ్ళు మూసుకోవద్దని మాత్రం ఎవరికీ చెప్పను. మా అమ్మ రెండోసారి కూడా మూసుకుంది.