సంతకం లేకుండా వచ్చిన పాస్‌పోర్టు

కరోనా సద్దుమణిగాక వచ్చిన చలికాలంలో మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పది రోజుల శిక్షణకు జపాన్ తీసుకెళ్తానన్నాడు. ఆయనది ఆ దేశమే. నేను దుబాయ్‌లో లిఫ్టులు బిగించేవాణ్ణి, తొమ్మిదేళ్లుగా అల్ కుసైస్‌లోని కంపెనీ కూలీల క్యాంపులో ఉంటున్నాను.

మా పాస్‌పోర్టులన్నీ ఆఫీసు బీరువాలో ఉంటాయి. సెలవుకు పోయేవాడు సంతకం పెట్టి తీసుకుంటాడు, వచ్చాక తిరిగిస్తాడు. సంతకం లేకుండా చేతికొచ్చిందంటే వీసా క్యాన్సిలే, నా కళ్లముందే ముగ్గురు అలా వెళ్లారు. ముదీర్ నాది తెచ్చి చేతిలో పెట్టి, ఇక నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. సంతకం ఊసే లేదు.

రూమ్‌లో నా పక్క మంచం జగిత్యాల తమ్ముడు అది చూసి, "అడగకుండ చేతిల పెట్టిండంటే ఖలాస్ అన్నట్టే అన్నా. జపాన్ సూపెట్టి అటునుంచటే ఇంటికి తోలుతరు" అన్నాడు. ఇద్దరు పిల్లల చదువు నా ఉద్యోగం మీదే నడుస్తోంది. పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవర్లో చుట్టి బనియన్ లోపల దాచుకున్నాను.

శిక్షణ మధ్యలో ఒక ఆదివారం ముదీర్ నన్ను కొండల్లోని తన ఊరి పండక్కి తీసుకెళ్లాడు. మోకాలి లోతు మంచు. గుడి ముందు వెదురు, గడ్డి పేర్చి పెద్ద మంట వేశారు. జనం పోయినేడు ఇంట్లో కట్టుకున్న తాయెత్తులు, గడ్డి తోరణాలు తెచ్చి అందులో వేస్తున్నారు. ఏడాదంతా పనిచేశాయి కదా, దండం పెట్టి పంపేస్తాం అన్నాడు ముదీర్. ఆ మాట నాకు కాక ఇంకెవరికి?

కర్రకు గుచ్చి మంట మీద కాల్చిన బియ్యప్పిండి ముద్ద ఇచ్చాడు. అది అంగిట్లో అతుక్కుంది. ఇంత మర్యాద దేనికో అనుకుంటూ నమిలాను. తర్వాత ఒక తాయెత్తు కొని రెండు చేతులతో అందించి, వచ్చే ఏడు నువ్వే తెచ్చి ఈ మంటలో వెయ్యాలి అన్నాడు. వచ్చే ఏడు నన్నెవడు తెస్తాడు, తియ్యటి మాటలు కాకపోతే, అనుకుని బనియన్ తడుముకున్నాను.

దుబాయ్‌కి తిరిగొచ్చాక ఆఫీసులో పాస్‌పోర్టు తిరిగిమ్మని ఎవరూ అడగలేదు. మూడో రోజు ఉండబట్టలేక నేనే ఆఫీసుకు వెళ్లి, సంతకం పెడతాను, బీరువాలో పెట్టండి సార్ అని గుమాస్తాను బతిమాలాను. తాళం పడ్డాక ప్రాణం కుదుటపడింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో ముదీర్. నాకు సిగ్గేసింది.

ఆ నెలలోనే క్యాంపులో అందరి పాస్‌పోర్టులూ ఎవరివి వాళ్లకు ఇచ్చేశారు. నాది మాత్రం నేను తీసుకోలేదు. ఏడాది తిరిగాక ముదీర్ మళ్లీ ప్రయాణం అన్నాడు. తాయెత్తు జేబులో వేసుకుని ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా బీరువా తెరిచాడు. అంత బీరువాలో నాదొక్కటే ఉంది.