పదమూడో ప్రశ్న

ఆ గురువారం ఉదయం తొమ్మిదో తరగతి గదిలో ఉన్నవారు: హెడ్మాస్టర్ గారు, లెక్కల మేడం, భౌతికశాస్త్రం చెప్పే నేను, ముప్పై నాలుగు మంది పిల్లలు. ఉన్నవి: గోడకు బిగించిన డిజిటల్ బోర్డు ఒకటి, కిటికీలో నిలబెట్టిన ఇంటర్నెట్ డబ్బా ఒకటి, నా చేతిలో పదమూడు ప్రశ్నల పట్టిక. ఆ గదిలో నెట్ సిగ్నల్ ఆ కిటికీలో తప్ప ఇంకెక్కడా అందదు. గడప దగ్గర, లోపలికి రాకుండా, మధ్యాహ్న భోజనం వండే ఆమె నిలబడి ఉంది. ఒక చేతికి కందిపప్పు పొట్టు అంటుకుని ఉంది. ఇంకో చేతిలో ఫోన్ ఉంది. ఆమె కూతురు మూడో వరసలో కూర్చుని ఉంది.

ఆ ఫోన్ అక్కడికి ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి.

మా బడి మార్కాపురానికీ కంభానికీ మధ్య ఒక పల్లెలో ఉంది. బోర్డు ఆ ఏడాదే వచ్చింది. దాంతోపాటే, దాని మీద ఏం చూపించాలి అన్న చిక్కు కూడా వచ్చింది. పాఠాలకు పనికొచ్చే వెబ్‌సైట్లు ఏవో చూసి, తరగతిలో వాడి, శనివారం సాయంత్రంలోగా పేర్లు పంపమని పైనుంచి చెప్పారు. హెడ్మాస్టర్ గారు ఆ పని నా మీద పెట్టారు.

"ఇంజనీరింగ్ చదివి వచ్చినోడివి గదయ్యా. నీకిదొక లెక్కా?" అన్నారు.

నాకది లెక్కే. అందుకే పట్టిక వేసుకున్నాను. రాసింది ఎవరు? చివరిసారి దిద్దింది ఎప్పుడు? మన పాఠ్యపుస్తకంతో కలుస్తుందా? తెలుగు మనిషి రాసిందా, యంత్రం రాసిందా? తప్పు జవాబు ఇస్తే ఎందుకు తప్పో చెబుతుందా? ఇట్లా పన్నెండు. పదమూడోది: పిల్లల గురించి ఏమైనా అడుగుతుందా, అడిగితే ఎందుకు?

మా నాయన మార్కాపురంలో పలకల పనికి పోయేవాడు. రాతిపలకకు చెక్క చట్రం బిగించే ముందు ప్రతి పలకనూ వేలి కణుపుతో ఒకసారి కొట్టి వినేవాడు. చట్రం బిగిస్తే పగులు దాగిపోతుందనీ, బిడ్డ చేతిలో పడ్డాకనే బయటపడుతుందనీ అనేవాడు. వెబ్‌సైట్లు చూసేటప్పుడు నాకు ఆ చట్రం గుర్తొస్తుంది. రంగులు, బొమ్మలు, చప్పట్లు, లక్షల మంది మమ్మల్ని నమ్మారు అనే మాట, అంతా చెక్కే. దాన్ని ఊడదీసి లోపలి రాయిని చూడాలనిపిస్తుంది.

ఏ సైటునైనా ముందు నాకు బాగా తెలిసిన సంగతి అడుగుతాను. పలకరాయి గురించి అడుగుతాను. మొదటి సైటు పలకరాయిని అగ్నిశిల అంది. అది రూపాంతర శిల. ఆ సైటును అక్కడే మూసేశాను. రెండోది కూరలో వేసే ఉప్పును, ఇంగ్లీషు టేబుల్ సాల్ట్‌ను, బల్ల ఉప్పు అని రాసింది. పిల్లలు వారం రోజులు బల్లను నాకి చూపించి నవ్వుకున్నారు. మూడోదాంట్లో కాంతి పరావర్తనం పాఠం మధ్యలో పేకాట ప్రకటన వచ్చింది. నాలుగోది స్టాఫ్‌రూములో బాగా నడిచింది, తరగతిలో పీరియడ్ అయ్యేదాకా చక్రం తిరుగుతూనే ఉంది. అయిదోదాంట్లో 'మా ఉపాధ్యాయ బృందం' అని నలుగురు నవ్వుతున్న ఫోటో ఉంది. అదే నలుగురు అదే నవ్వుతో ఎక్కడో ఒక పళ్ళ ఆస్పత్రి పేజీలోనూ కనిపించారు.

ఆరు, ఏడు నెంబర్లవి నిలిచాయి. రంగు లేదు, పాట లేదు. రాసినవాళ్ళ పేర్లున్నాయి, దిద్దిన తేదీలున్నాయి. ఏమీ అడగకుండా తెరుచుకుంటాయి. పిల్లలు ఆవలించారు.

ఎనిమిదోది ఏనుగు సైటు. సరైన జవాబు ఇస్తే ఏనుగుపిల్ల తొండం ఎత్తి ఈల వేస్తుంది. తప్పు జవాబు ఇస్తే బురదలో జారి పడుతుంది. పలకరాయి గురించి సరిగ్గా చెప్పింది. తెలుగు చక్కగా ఉంది. పన్నెండు ప్రశ్నలకు పన్నెండూ గెలిచింది. అంత బాగుండటమే నాకు నచ్చలేదు. రెండో పాఠం తెరవబోతే తల్లిదండ్రుల ఫోన్ నంబరు అడిగింది.

"అన్నీ బాగున్నయ్యి గదా తమ్ముడూ, ఆ ఒక్కదాని కోసం ఏంది నీ గొడవ?" అంది లెక్కల మేడం.

"కోణాలు నేర్పడానికి ఫోన్ నంబరు ఎందుకు మేడం?"

"బిడ్డ ఎట్ల చదువుతుందో తల్లికి చెప్తారంట. మంచిదే గదా."

"అది మనం చెప్తున్నాం గదా."

"మనం చెప్తే ఎవురు వింటారు నాయనా?" అని నవ్వింది.

హెడ్మాస్టర్ గారు టీ గ్లాసు కింద పెట్టారు. "నువ్వు సంబంధం చూడ్డానికి పోతే అంతే సంగతులయ్యా. పిల్ల బాగుంది, ఇల్లు బాగుంది, మనుషులు మంచోళ్ళు అంటే, మరి గుమ్మం ఉత్తరానికి ఎందుకుంది అంటావు."

నిబంధనల పేజీ తెరిచి చదివాను. బోర్డు మీద ఎన్నిసార్లు పైకి తోసినా అడుగు రాని పేజీ అది. మధ్యలో ఒకచోట, వివరాలను భాగస్వాములతో పంచుకోవచ్చు అని ఉంది. ఆ భాగస్వాములెవరో లేదు. ఇవ్వాల్సే వస్తే నా నంబరు ఇద్దాం అన్నాను.

"తల్లిదండ్రులది అని రాసుంటే నీదెట్ల ఇస్తావు? ఉన్నదున్నట్టు పరీక్ష చేయాల అన్నది నువ్వే గదా" అన్నారు హెడ్మాస్టర్ గారు. నా మాటే నాకు తిప్పి కొట్టారు.

మా బడిలో తల్లిదండ్రుల ఫోన్ అంటే వంట షెడ్డు వైపు చూడటమే. సగం మంది తండ్రులు గొర్ల మందలతో కొండల్లోనో, కూలికి దూరపు ఊళ్ళలోనో ఉంటారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాళ్ళతోనే పోతుంది. ఓటీపీ కావాలంటే అప్పటికప్పుడు దొరికే తల్లి, వండే ఆమె ఒక్కతే. అందుకని ఏ సైటు నంబరు అడిగినా తరగతి మొత్తానికి ఒకటే ఖాతా, ఆమె నంబరుతో, ఆమె కూతురి పేరుతో. అది మా అలవాటు. మేడం ఆ గురువారం కూడా అట్లాగే చేసింది.

గడప దగ్గర నిలబడి ఆమె అంకెలు చదివింది. ఏనుగు ఈల వేసింది. ముప్పై ప్రశ్నలు వచ్చాయి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి బోర్డు మీద నొక్కారు. అయిదో ప్రశ్నకు ఒకడు తప్పు నొక్కాడు, ఏనుగు బురదలో పడింది, తరగతి గొల్లున నవ్వింది. ఆ తర్వాత ఒప్పు నొక్కాలని ఎవరికీ లేదు.

"రేయ్, పడెయ్ రా దాన్ని!"

"మళ్ళీ పడింది సార్, మళ్ళీ!"

చివరికి ముప్పైకి పదకొండు అని చూపించింది, పైన ఆ అమ్మాయి పేరు పెట్టి. మూడో వరసలోంచి ఆ అమ్మాయి లేచి, "సార్, నేను ఒక్కటి గూడా నొక్కలేదు సార్. నా వంతే రాలేదు" అంది. గోలలో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆమె తల్లి అప్పటికే పప్పు దగ్గరికి వెళ్ళిపోయింది.

శుక్రవారం తొమ్మిదో తరగతి హాజరు ముప్పై మూడు. మూడో వరసలో ఖాళీ కనిపించి వంట షెడ్డుకు పోయాను.

"పాప రాలేదేమ్మా?"

"ఇంక రాదులే సారూ." ఆమె గంజి వంచుతూ చెప్పింది. "సోమవారం వాళ్ళ నాయన కాడికి పంపిస్తన్నా. అర్ధవీడు పక్క కొండల్లో మందతో ఉండాడు. మనిషి సాలక తిప్పలు పడ్తన్నాడు."

"ఎందుకమ్మా, ఉన్నట్టుండి?"

"నిన్న సందేళ ఫోన్ చేసినారు గదా, మీ బోర్డోళ్ళు. పాప పేరు చెప్పినారు, తరగతి చెప్పినారు. లెక్కల్లో పునాదే లేదంట. ఇట్లనే ఉంటే పదోది గట్టెక్కదంట. ఏదో కోర్సు కొనమన్నారు. మాకు యాడ కుదుర్తాది? రాని చదువుకు కూర్చోబెట్టేదాని కంటే మందతో పోతే వాళ్ళ నాయనకన్నా తోడు."

"వాళ్ళు మా వాళ్ళు కాదమ్మా."

"మీ బోర్డులోంచే గదా వచ్చింది? ఆ నంబరు మీకే గదా నేను చదివి చెప్పినా?"

పిల్లలంతా కలిసి నొక్కారనీ, ఏనుగును పడేయడానికి కావాలనే తప్పులు నొక్కారనీ, ఆ మార్కులు ఆమె కూతురివి కావనీ చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

"మీరు బిడ్డ మీద జాలితో అట్ల చెప్తారు సారూ. వాళ్ళకేం జాలి? మొగం గూడా చూడలేదు. ఉన్నది చెప్పినారు."

 రేషన్‌కు వేలిముద్ర వేసే దగ్గర నుంచి ఈ మధ్య అన్నీ ముఖం చూడని చోటే తేలుతున్నాయి. చివరికి, "సోమవారం సంగతి నీ ఇష్టం. రేపొక్క గంట పాపను తీసుకురా" అన్నాను. 

శనివారం పాపను తీసుకొచ్చింది. మొదటి పీరియడ్‌లో పిల్లలు ఆటలకు పోయారు. గదిలో మేడం, నేను, అమ్మాయి ఉన్నాం. తల్లి మళ్ళీ గడప దగ్గరే నిలబడింది.

కొత్త ఖాతా తెరిచాను, ఈసారి నా నంబరుతో. విద్యార్థి పేరు అడిగింది. ఆ అమ్మాయి పేరు దానికి ఇంకోసారి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆలోచిస్తుంటే అమ్మాయే అంది:

"మా పొట్టేలు పేరు పెట్టండి సార్."

"ఏయ్, సారుతో ఎగతాళా?" అని తల్లి గద్దించింది.

మంచి పేరే, మనుషులకూ ఉండే పేరు. పొట్టేలును తొమ్మిదో తరగతిలో చేర్చాను.

అమ్మాయి ముప్పై ప్రశ్నలకూ ఒక్కతే జవాబులు నొక్కింది. తొందరపడలేదు. రెండు చోట్ల గాలిలో వేలితో గీసుకుని లెక్క చేసింది.

"ఏనుగు పడితే తప్పా సారూ?" అని తల్లి అడిగింది.

"అవునమ్మా."

ఆమె వేళ్ళు ముడుస్తూ చూసింది. అయిపోయాక, "నాలుగు సార్లే పడింది" అంది. బోర్డు మీద ముప్పైకి ఇరవై ఆరు అని ఉంది.

"చూసినావా అక్కా, నీ బిడ్డకు పునాది లేదంట!" అంది మేడం. తల్లి మొహం తేటపడలేదు. బోర్డు బడిది, సారు బడివాడు, మేడం బడిది. ఫోన్ చేసినవాళ్ళు మాత్రమే, జాలిపడే పని లేని బయటివాళ్ళు.

"ఫోన్ కోసం చూద్దాం" అన్నాను.

"ఇంత బాగా చేస్తే ఇంక ఫోన్ ఎందుకు చేస్తారు తమ్ముడూ?" అంది మేడం.

నాకూ ఖాయంగా తెలియదు. ఫోన్ రాకపోవచ్చు. బాగా చేశాడని మెచ్చుకోవడానికే రావచ్చు. అప్పుడు ఏనుగు సైటు నిజాయితీ గలదే అవుతుంది, గురువారం మాట కూడా నిజమే అవుతుంది, సోమవారం అమ్మాయి కొండకు పోతుంది. ఒక సైటు మోసం చేయాలని అంత గట్టిగా కోరుకున్నది నేను అప్పుడే.

భోజనాల వేళ పిల్లలు పళ్ళేలతో వరసలో నిలబడ్డారు. తల్లి గరిటెతో అన్నం పెడుతోంది. అప్పుడు నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. స్పీకర్ పెట్టి అన్నం గంగాళం పక్కన గట్టు మీద ఉంచాను.

"నమస్తే సార్," అని ఒక అబ్బాయి గొంతు పొట్టేలు పేరు చెప్పి, "వాళ్ళ ఫాదర్ గారేనా?" అంది.

"చెప్పండి."

"మీ బాబు ఈ రోజు మా టెస్ట్ రాశాడు సార్. మ్యాథ్స్‌లో పునాది అస్సలు లేదు. ఇప్పుడే జాగ్రత్త పడకపోతే టెన్త్ గట్టెక్కడం కష్టం."

"ఎన్ని మార్కులు వచ్చాయండి?"

 "మార్కులదేముంది సార్, పునాది ముఖ్యం."

తల్లి గరిటె గంగాళంలోనే ఆగిపోయింది. "ఈ మాటలే," అంది నాతో. "అచ్చం ఇవే మాటలు." తర్వాత ఫోన్ మీదికి వంగింది.

"ఏం నాయనా, మా పొట్టేలు పది గట్టెక్కదంటావా?"

"ఏంటమ్మా?"

"పొట్టేలు నాయనా, కొమ్ములుండేది. దానికి లెక్కలు రావని నీకు ఎవురు చెప్పినారు?"

అటువైపు ఫోన్ పెట్టేశారు. వరసలో ఉన్న పిల్లలు పళ్ళేలు కొట్టి నవ్వారు. ఆమెతో కలిసి వండే ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మాయి మాత్రం పళ్ళేన్ని మొహానికి అడ్డం పెట్టుకుంది, నవ్విందో ఏడ్చిందో నాకు కనపడలేదు.

తల్లి మళ్ళీ గరిటె తీసుకుంది. కూతురి వంతు వచ్చినప్పుడు మామూలుగానే అన్నం పెట్టి, "నిలబడకు, జరుగు" అంది. సోమవారం సంగతి నేను అడగలేదు. 

సాయంత్రం హెడ్మాస్టర్ గారు నా పట్టిక తీసుకుని ఎనిమిదో సైటును కొట్టేశారు. "గుమ్మం ఉత్తరానికే ఉందయ్యా" అన్నారు. ఆవలింతలు తెప్పించిన రెండు సైట్లనే పంపాం. వాటినీ నేను నెలకోసారి తెరిచి మళ్ళీ పదమూడు ప్రశ్నలూ అడుగుతాను. తరగతి ఖాతాకు తల్లుల నంబరు ఇచ్చే అలవాటు మానుకున్నాం. ఆమె నంబరు తీసేయమని ఏనుగు సైటుకు రాశాను. జవాబు రాలేదు. వేరే వేరే నంబర్ల నుంచి ఆమెకు ఇప్పటికీ ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

సోమవారం తొమ్మిదో తరగతి హాజరు పిలిచాను. ముప్పై నాలుగు.