మేళం ముందొచ్చింది, తాళి వెనకొచ్చింది

ఈ రోజు మాచర్లలో ఒక పెళ్లికి సౌండ్ పెట్టాను. మండపం పై అంతస్తులో ఉంది. మెట్లెక్కలేని పెద్దవాళ్ల కోసం కింద భోజనాల హాల్లో పెద్ద టీవీ, బాక్సులు అమర్చాం. ముహూర్తం వేళకు నేను కిందే ఉన్నాను. బాక్సుల్లో గట్టిమేళం మోగగానే అందరూ టీవీ మీదికి అక్షింతలు విసిరారు. టీవీలో మాత్రం పెళ్లికొడుకు ఇంకా తాళి చేత్తో పట్టుకునే ఉన్నాడు! పెళ్లికూతురి అమ్మమ్మ ఒక్కతే ఆగి, బొమ్మలో ముడి పడ్డాక అక్షింతలు వేసింది.

"కట్టకముందే వేశారేందయ్యా వీళ్లు?" అని నన్ను నిలదీసింది.

"పైన కట్టేశాడు మామ్మా. మైకు శబ్దం మిక్సర్లోంచి నేరుగా బాక్సులకొస్తది. కెమెరా బొమ్మ నాలుగు మిషన్లు దాటి టీవీకి రావాల. అందుకే వెనకబడింది."

"అయితే నేనేసినయ్యి పిల్లకి అందినట్టా, అందనట్టా?"

కింది బాక్సులకు కాస్త డిలే పెట్టి శబ్దాన్ని ఆపి వదిలితే, శబ్దం, బొమ్మ రెండూ కలిసే వస్తాయి. కానీ అప్పుడు అందరి అక్షింతలూ ఆలస్యమే కదా! సిగ్నల్ ఎక్కడ ఆగిందో వెతికి పట్టుకోగలను గానీ, దీవెన ఏ దారిన వెళ్తుందో నాకేం తెలుసు? మీరైతే మేళం విని వేస్తారా, ముడి చూసి వేస్తారా?